సందులు తర్వాత పెట్టుకుంటాను

మద్దిలేటికి ఒక చిక్కు వచ్చిపడింది. సామి మాట్లాడడం తక్కువ, ఆగడం ఎక్కువ.

గుండ్లమిట్ట మఠంలో సుంకప్ప సామి చెప్పే మాటలు అంతవరకు ఎవరూ రాయలేదు. ఆయన గురువు పెద్దసామి చెప్పినవీ రాయలేదు. ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి వచ్చాయి, అంతే. ఇప్పుడు సామికి రొమ్ము పట్టేసింది. మెట్టు ఎక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. పట్నంలో డాక్టరు రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, మద్దిలేటిని ఒక్కడినే బయటికి పిలిచాడు.

"ఆయనతో చెప్పించుకునేది ఏమన్నా ఉంటే చెప్పించుకోండి" అన్నాడు.

సామి పోతే మాటలూ పోతాయి. మద్దిలేటికి ఉన్న భయం అదొక్కటే.

మఠానికి వచ్చిపోయేవాళ్ళు తలా కొంత వేసుకొని ఒక ట్యాబ్ కొనిచ్చారు. మాటలన్నీ అందులో రాసిపెడితే, రేపు పుస్తకం వేసుకోవచ్చు, ఊరూరా ఫోన్లలో చదువుకోవచ్చు. మద్దిలేటి ఆదోనిలో పెళ్ళిపత్రికలు టైపు చేసే కొట్టులో పనిచేసి వచ్చినవాడు. తెర చూడకుండా కొట్టగలడు. తన వేళ్ళంటే అతనికి గర్వం. ఎవరైనా మెచ్చుకుంటే "ఏముందిలే" అంటాడు గాని, ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సామి పెద్దసామి సమాధి పక్కన, గోడకు ఆనుకొని కూర్చునేవాడు. మద్దిలేటి ఎదురుగా ట్యాబ్ ఒడిలో పెట్టుకొని కూర్చునేవాడు. సామి ఒక మాట చెప్తాడు. ఆగుతాడు. నీడ జరుగుతుంది. ఇంకో మాట చెప్తాడు.

అది ఆ మఠం ఆచారం. గురువు ఒక మాట చెప్పాక, పోయిన గురువు దాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా రెండో మాట చెప్పకూడదు.

"ఒప్పుకున్నాడని ఎట్ల తెలుస్తాది సామీ?" అని మద్దిలేటి ఒకసారి అడిగాడు.

"దప్పిక తీరినట్ల తెలుస్తాది."

"ఒప్పుకోకపోతే?"

సామి గోడవైపు చూశాడు.

"నోరు మూసుకోవల్ల" అన్నాడు.

మఠంలో వంటచేసే ఉసేనమ్మ పక్కన కూర్చొని కందులు చెరుగుతోంది. సామికన్నా ఆమె ఒక ఏడాది పెద్ద. ఎవరికీ భయపడదు.

"పెద్దసామి ఉన్నప్పుడూ ఇదే కత" అంది. "ఉప్పు సాలిందా సామీ అంటే, ఆయన వాళ్ళ గురువును అడిగి సెప్పేటోడు. ఆలోపల కూడు సల్లారిపొయ్యేది."

సామి నవ్వాడు. దగ్గు వచ్చింది. మెల్లగా తగ్గింది.

ఉసేనమ్మ వంగి తెరలోకి చూసింది.

"ఈ సుక్కలేందప్పా? ముగ్గేస్తాండవా?"

"అవి గుర్తులు. ఇందులో ఉట్టి అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. మాటకు అటొక సుక్క, ఇటొక సుక్క పెడితే, సదివే పేజీలో ఆ మాట లావుగా కనబడతాది."

"అన్నిటికీ పెట్టినావే?"

"అన్నీ సామి మాటలే గదా. ఏది సన్నంగా పెట్టేది?"

"అందరూ లావుగా ఉంటే ఇంగ లావైనోడు ఎవుడప్పా?"

మద్దిలేటి మూతి ముడుచుకున్నాడు. అయినా ఆ సాయంత్రం చుక్కలన్నీ తీసేశాడు.

సామికి ఆ యంత్రం మీద ఆసక్తి పుట్టింది. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ ఏం చేస్తావని అడిగాడు. మద్దిలేటి చూపించాడు. ఎంటర్ ఒకసారి నొక్కితే కిందికి దిగుతుంది. కాని చదివే పేజీలో చూస్తే దిగిన వరుస మళ్ళీ పైవరుసకు అతుక్కొని ఉంటుంది. రెండుసార్లు నొక్కాలి. నడుమ ఒక వరుస ఏమీ రాయకుండా వదలాలి. అప్పుడే పేరా నిలబడుతుంది.

"ఏమీ రాయని వరుస దానికి తెలుస్తాదా?"

"తెలుస్తాది సామీ."

"మంచి యంత్రమే."

"ఒకటే లోటు. నేను ఒక వరుస వదిలినా, పది వరుసలు వదిలినా, అది చూపేది ఒకటే సందు. మీరు చిటికెసేపు ఆగినా, జాముసేపు ఆగినా, పేజీలో ఒకటే కొలత."

సామి మళ్ళీ గోడకు ఆనుకున్నాడు. మద్దిలేటి మాత్రం తాను అన్న ఆ మాటనే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఎండలు ముదిరాయి. సామి ఊపిరి ఇంకా గట్టిగా వినబడసాగింది. ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కటే మాట చెప్పాడు.

"కుండ పగిలినాక లోపలి చీకటి యాడికి పొయ్యింది?"

ఆగాడు. మద్దిలేటి కొట్టి, రెండుసార్లు నొక్కి, కాచుకున్నాడు. తెర దానంతట అది నల్లబడింది. వేలితో తాకాడు. వెలిగింది. మళ్ళీ నల్లబడింది. సామి కళ్ళు మూసుకొని ఉన్నాడు. ఎండ గడప దాటి, సమాధి బండ మీదికెక్కి, దిగిపోయింది. రెండో మాట రాలేదు. ఆ పూట అంతే.

మరుసటి రోజు మద్దిలేటి కూర్చోగానే చేతులు జోడించాడు.

"సామీ, ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దు."

"అడుగు నాయినా."

"మీరు ఎంతసేపు ఆగినా పేజీలో ఒకటే సందు. ఇంగ ఆగేది ఎందుకు? మీరు చెప్పుకుంటా పోండి. నేను కొట్టుకుంటా పోతా. సందులు తర్వాత పెట్టుకుంటా."

"తర్వాత పెడతావా?"

"పెడతా సామీ."

"యాడ పెట్టాల్నో తెలుస్తాదా?"

"మాట ముగిసిన కాడ. అది గూడా తెల్వదా నాకు? ఇన్ని పత్రికలు కొట్టినోన్ని."

"నాకు టయిము లేదనా నీ తొందర?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు పోతే ఎవురు చెప్తారు సామీ ఈ మాటలు?"

సామి అతన్ని చూశాడు. తర్వాత సమాధి గోడకు ఆనించిన వీపును మెల్లగా ఇవతలికి తీసుకున్నాడు. ఆయన గోడను వదిలి కూర్చోవడం మద్దిలేటి ఎన్నడూ చూడలేదు.

"సరే. కొట్టుకో" అన్నాడు.

మొదలుపెట్టాడు.

"ఆకలి నీది. కూడు నీది కాదు. నడిచిపొయ్యేవాడు దారిని ఎత్తుకొని పోడు. కుండ పగిలినాక లోపలి చీకటి యాడికి పొయ్యింది?"

మద్దిలేటి వేళ్ళు గంతులేశాయి. ఆగకుండా వస్తున్నాయి మాటలు. అన్నీ మంచి మాటలు. కొన్ని విన్నవి, కొన్ని విననివి. ఇన్నాళ్ళూ ఎందుకు కాచుకున్నామా అనిపించింది. తెర నిండింది, పైకి జరిగింది, మళ్ళీ నిండింది. సందు లేదు, పేరా లేదు. అవి తర్వాత చూసుకోవచ్చు.

చూరుకింద గువ్వలు ఎప్పుడు ఊరకున్నాయో అతను గమనించలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. బయట ఎండ తెల్లగా, కదలకుండా ఉంది.

"వాకిలి మూసినా వచ్చేవాడికి వాకిలి చూపొద్దు. నిద్రపొయ్యేవాని పక్కన పండుకున్నదాన్ని లేపొద్దు. బావిలోకి తొంగిచూస్తే, ముందుగా చూసింది నువ్వు కాదు."

ఇవి మద్దిలేటి ఎన్నడూ విన్న మాటలు కావు. గొంతు సామిదే. కాని దగ్గు లేదు. ఇంతసేపట్లో ఒక్కసారి కూడా దగ్గలేదు. అతను తలెత్తి చూశాడు.

సామి రొమ్ము కదలడం లేదు. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాడు. కళ్ళు పెద్దవిగా తెరిచి మద్దిలేటినే చూస్తున్నాడు. ఆ చూపు చెప్పేది ఒకటి, నోరు చెప్పేది ఒకటి.

ఆపండి సామీ అనాలనుకున్నాడు మద్దిలేటి. అనడానికి సందు దొరకలేదు. మాట వెనక మాట వస్తూనే ఉంది. తన చేతుల్ని ఆపుకోవాలనుకున్నాడు. వేళ్ళు అతని మాట వినలేదు. తెర చూడకుండా కొట్టగలిగిన వేళ్ళు అవి.

సామి రెండు చేతులూ ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

మాట ఆగలేదు. మూసిన నోటి అవతల, అదే గొంతుతో, ఇంకొక్కటి వినబడింది. వేళ్ళు దాన్ని కూడా కొట్టాయి.

"నన్నూ రాయి."

అప్పుడు ఆగింది. సామి పక్కకు ఒరిగిపోయి దగ్గడం మొదలుపెట్టాడు. ఉసేనమ్మ నీళ్ళచెంబుతో పరుగెత్తి వచ్చింది.

"ఏం చేసినావప్పా సామిని? నిలువునా ఎండిపొయ్యిండాడే!"

సామి నీళ్ళు తాగాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. గొంతు పోయింది.

ఆ తర్వాత అది తిరిగి రాలేదు.

మద్దిలేటి ట్యాబ్ తెరిచి చదివే పేజీ చూశాడు. పైనుంచి కిందిదాకా ఒకటే ముద్ద. సందులు పెడదామని కూర్చున్నాడు. మొదటి మాట ముగిసిన చోట రెండుసార్లు నొక్కాడు. రెండో మాట దగ్గర నొక్కాడు. అవి సామివే, అనుమానం లేదు. చిట్టచివరిది సామిది కాదు, దానికీ అనుమానం లేదు. నడుమ ఉన్నవాటి సంగతే తెలియలేదు. ఎక్కడిదాకా సామి మాట్లాడాడు? ఎక్కడ నుంచి ఆయన గొంతులో దూరిన ఆ రెండోది మాట్లాడింది? పాలలో పోసిన నీళ్ళను మళ్ళీ వేరుచేసినట్టు ఉంది పని.

అన్నీ ఉంచేస్తే, ఆ రెండోదాని మాటలు సామి పేరు మీద ఊరూరా పోతాయి. పిల్లలు కంఠతా పెడతారు. అన్నీ చెరిపేస్తే సామి మాటలు పోతాయి. మళ్ళీ చెప్పడానికి సామికి గొంతు లేదు.

ఉసేనమ్మ అతని ముందు కంచం పెట్టింది. తినలేదు.

"తిను. సామి నీ మీద కోపంగా లేడు" అంది.

"కోపమొచ్చినా బాగుండు అక్కా."

తెల్లవారింది. మద్దిలేటి స్నానం చేసి, ట్యాబ్ పట్టుకొని సామి దగ్గరికి పోయాడు. సామి అప్పటికే లేచి సమాధి పక్కన చాప మీద కూర్చొని ఉన్నాడు. మొహం తేటగా ఉంది. మద్దిలేటి కాళ్ళమీద పడ్డాడు.

"తప్పయింది సామీ. సందు యాడ పెట్టాల్నో తెలీలేదు నాకు. మీరు నోరు తెరవాల్సిన పని లేదు. నేను సదువుతా. ఏది మీదో, ఏది కాదో ఊరికే వేలు ఎత్తండి. అంతే సాలు."

సామి అతని తల నిమిరాడు. నవ్వాడు. ఈసారి దగ్గు రాలేదు.

తర్వాత చాపను పట్టుకొని మెల్లగా అటువైపు తిప్పుకున్నాడు. మద్దిలేటికి వీపు చూపి, మొహం గోడవైపు పెట్టి కూర్చున్నాడు. ముందుకు వంగి, పెద్దసామి సమాధి బండకు నుదురు ఆనించాడు.

ఇంక కదల్లేదు.

మద్దిలేటి ఆ వీపును చూస్తూ ఉండిపోయాడు. వేలు కనబడదు. మొహం కనబడదు. అడిగినదానికి జవాబు ఇదేనని అర్థం కావడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మొదటి మాట పైకి చదివాడు. "ఆకలి నీది. కూడు నీది కాదు."

ఆగాడు.

ఏమీ తెలియలేదు. ఈగ ఒకటి చేతిమీద వాలి లేచింది. పొద్దెక్కుతోంది. తెర నల్లబడింది. తాకలేదు. రెండో మాటకు పోవాలని వేళ్ళు గుంజుతున్నాయి. వాటిని చంకల్లో పెట్టుకొని బిగించాడు. అట్లాగే ఉన్నాడు. ఎంతసేపో లెక్క పెట్టుకోలేదు.

అప్పుడు వచ్చింది. బయటి నుంచి కాదు, పై నుంచి కాదు. ఎండలో నడిచివచ్చినవాడి గొంతులోకి చల్లటి నీళ్ళు దిగినట్టు.

"సరే సామీ" అన్నాడు, తనకు తెలియకుండానే.

కింద ఒక వరుస ఏమీ రాయకుండా వదిలాడు. రెండో మాట చదివాడు. ఆగాడు. అదీ వచ్చింది. మూడోది, ఆ పూట ఆగిపోయిన కుండ మాట, అదీ వచ్చింది.

కొంతదూరం పోయాక ఒక మాట చదివి ఆగితే, చల్లటి నీళ్ళు రాలేదు. గొంతు ఎండింది. వెనక ఎవరో ఒక అడుగు దగ్గరికి జరిగినట్టయింది. మెడమీద వెంట్రుకలు నిలబడ్డాయి. తిరిగి చూడలేదు. ఆ మాటను చెరిపేశాడు. అడుగు వెనక్కి పోయింది.

అట్లా ఒక్కొక్కటే. కొన్ని నిలిచాయి. కొన్ని పోయాయి. బావి మాట చాలా మంచి మాట అనిపించింది. దాన్ని ఉంచుకోవాలని మనసు పీకింది. చదివి ఆగాడు. వెనక ఉన్నది ఈసారి వీపుకు తగిలేంత దగ్గరికి వచ్చి నిలబడింది. దానికి ఊపిరి చప్పుడు లేదు. మద్దిలేటి వేలు ఒక్కొక్క అక్షరమే చెరిపింది.

నడుమ ఉసేనమ్మ గొంతు వంటింట్లో వినబడింది, ఎవరికో ఉల్లిగడ్డల సంగతి చెప్తూ. ఆ చప్పుడు ఎంతో దూరంలో ఉన్నట్టుంది.

చివరికి ఆ ఒక్కటే మిగిలింది. "నన్నూ రాయి." దాన్ని పైకి చదవలేదు. సామి వీపును చూశాడు. వీపు నిశ్చలంగా ఉంది. చెరిపే గుర్తు మీద వేలు పెట్టి అదిమి పట్టుకున్నాడు. అక్షరాలు వెనకనుంచి ముందుకు ఒక్కొక్కటే పోయాయి. వెనక ఉన్నది కూడా పోయింది. చూరుకింద గువ్వ ఒకటి రెక్కలు విదిలించింది.

చదివే పేజీ తెరిచాడు. మాటలు కొన్నే ఉన్నాయి. ఒకదానికొకటి దూరంగా, వేటికవిగా నిలబడి ఉన్నాయి. సామి మాటలు దక్కాయి. మద్దిలేటి ట్యాబ్‌ను కళ్ళకద్దుకున్నాడు.

"అయిపొయ్యింది సామీ" అన్నాడు.

ఉసేనమ్మ గంజి తీసుకొని వచ్చింది.

"పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సామీ, ఇంత గంజి తాగు. ఇంగ గోడతో మాట్లాడింది సాల్లే."

భుజం తట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకోసారి మెడమీద వేళ్ళు ఆనించి చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"అప్పా..."

మద్దిలేటి చూశాడు.

"సామి లేడప్పా. ఒళ్ళు కొయ్యబారింది. ఎప్పుడో పొద్దున్నే పొయ్యిండాడు."

ఆమె ఏడవలేదు. గంజిగిన్నె చేతిలో పట్టుకొని, ఒకసారి సామి వీపును, ఒకసారి మద్దిలేటిని చూసింది.

"మరి ఇంతసేపూ ఎవురికి సదివినావు? సరే సామీ, సరే సామీ అంటాండవే. వంటింట్లోకి వినబడతాండె. ఎవురు చెప్తాంటే సరే అంటాండవు?"

మద్దిలేటి నోరు తెరిచాడు. చెప్పడానికి మాట ఉంది. నాలుక చివరిదాకా వచ్చి ఉంది.

చెప్పలేదు. సామి వీపువైపు చూశాడు. ఆగాడు.

ఎండ గడప దాటింది. ఉసేనమ్మ మళ్ళీ అడగలేదు. గంజిగిన్నె పక్కన పెట్టి, కొంగు సర్దుకొని, అతని ఎదురుగా కూర్చుంది.